అక్కకు చెప్పని ఫలితం

నాకు జ్వరం తగ్గి పదకొండు నెలలైంది. ఊడిపోయిన జుట్టు మళ్లీ వచ్చింది. క్లాసులో గంటసేపు నిలబడి పాఠం చెప్పగలుగుతున్నాను. ఎట్లున్నావని ఎవరైనా అడిగితే బాగున్నాననే చెప్తాను. ఇది రాయడానికి కూర్చోవడం మూడోసారి. మొదటి రెండుసార్లూ అక్క పేరు రాయాల్సిన చోట ఆగిపోయాను.

అక్క పేరు సుగుణ. నాకంటే పదకొండేళ్లు పెద్దది. మాది కోట్‌పల్లి దగ్గర ఊరు. అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు. పెళ్లై వికారాబాద్ వెళ్లేటప్పుడు అక్క నన్నూ వెంట తీసుకుపోయింది. సామేలు బావ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఆ రెండు గదుల ఇంట్లోనే నేను డిగ్రీ దాకా చదువుకున్నాను. అక్క గవర్నమెంటు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. తను ఐదో తరగతి దాటలేదు. నా పుస్తకాలకు అట్టలు మాత్రం తనే వేసేది.

నేను తాండూరులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను. ఉద్యోగం చేస్తూనే హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో పరిశోధన మొదలుపెట్టాను. మలేరియా క్రిమి ఇప్పుడున్న మందులకు మెల్లమెల్లగా అలవాటు పడుతోంది. కొత్తవి కావాలి. పాతవాటిలో ముఖ్యమైన రెండు మందులు చెట్ల నుంచి వచ్చినవే. ఒకటి సింకోనా బెరడు నుంచి వచ్చింది, ఇంకోటి మన మాచిపత్రికి దగ్గరి చుట్టమైన మొక్క ఆకు నుంచి వచ్చింది. అలాంటిది మన అడవుల్లో ఇంకేదైనా ఉందేమో వెతకడం నా పని. నేను ఎంచుకున్నది నేలవేము. నాలుక మీద పెట్టుకుంటే ఆ పూటంతా చేదు పోదు.

ఆదివారం చర్చి అయ్యాక అక్కా నేనూ అనంతగిరి గుట్టల్లోకి వెళ్లేవాళ్లం. నేను కాగితం మీద రాసుకునేలోపే తను మొక్కను చూపించేది. నీడన ఆరబెట్టి కట్టలు కట్టడం కూడా తనే నేర్చుకుంది. ఆ పొడి నుంచి సారం తీసి, దాన్ని భాగాలుగా విడగొట్టి, గాజు పళ్లేల్లో మనిషి రక్తంలో పెంచిన మలేరియా క్రిమి మీద వేసి చూసేవాళ్లం. ఒక భాగం పనిచేసింది. రెండు రోజుల్లో పళ్లెంలో క్రిమి దాదాపు లేకుండా పోయింది. ఆ సాయంత్రమే రైలెక్కి వికారాబాద్ వెళ్లి అక్కకు చెప్పాను.

"పురుగు సచ్చిందా?" అంది.

"సచ్చింది అక్కా."

ఆ మాట హాస్టల్లో చెప్పింది, చర్చిలో చెప్పింది, కూరగాయల బండి దగ్గర కూడా చెప్పింది. మా చెల్లె మలేరియాకు మందు కనుక్కుందని. ఇంకా చాలా ఉందని నేను అంటూనే ఉన్నాను గానీ, గట్టిగా అనలేదు. నన్ను చూసి ఎవరో గర్వపడటం నాకు అలవాటు లేని సుఖం.

ఏడాది తర్వాత, ఆగస్టులో, మలేరియా ఎక్కించిన ఎలుకల మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. మా మందు ఇచ్చిన ఎలుకలూ, ఇవ్వనివీ దాదాపు ఒకే రోజు చనిపోయాయి. గాజు పళ్లెంలో పనిచేసిన పదార్థం ఒంట్లోకి వెళ్లగానే విరిగిపోతోంది. మోతాదు పెంచితే కాలేయం దెబ్బతింటోంది. పరిశోధనలో ఇది మామూలే. పళ్లెంలో గెలిచినవాటిలో చాలావరకు ఒంట్లో ఓడిపోతాయి. మా గైడు మేడం కూడా అదే చెప్పి, ఇంకో నేలలో పెరిగిన మొక్క తెచ్చి పోల్చి చూద్దామన్నారు.

ఈ ఫలితం అక్కకు చెప్పలేదు.

దసరా సెలవులు

మొక్క కోసం గోదావరి వైపు ఏజెన్సీ అడవికి వెళ్లాల్సి వచ్చింది. హాస్టల్‌కు సెలవులు కాబట్టి అక్క తానూ వస్తానంది. "ఒక్కదానివే అడివిల ఏం తిరుగుతవ్, నేనొస్త" అంది. నిజానికి తనకు వికారాబాద్ దాటి ఎక్కడికైనా పోవాలని ఉండేది. నాలుగు రోజులున్నాం. ఒక టీచరమ్మ ఇంట్లో పడుకున్నాం. వానలు ఆలస్యంగా కురిసి కుంటలన్నీ నిండి ఉన్నాయి. దోమతెర ఒక్కటే ఉంటే దాన్ని కిటికీకి కట్టుకున్నాం. మలేరియా మీద పనిచేసే మనిషిని నేను. జ్వరం రాకుండా ముందుజాగ్రత్త మాత్రలు వేసుకుని వెళ్లాలని తెలిసినదాన్ని కూడా నేనే. నాలుగు రోజులే కదా అనుకున్నాను.

అక్క మాత్రం ఆ నాలుగు రోజులూ చాలా సంతోషంగా ఉంది. మోకాళ్ల దాకా తడిసి, చేతినిండా మొక్కలతో వచ్చి, "గిది మన దగ్గర దానికన్న ఆకు పెద్దగుంది సూడు" అనేది.

అక్టోబరు

తిరిగొచ్చిన పన్నెండో రోజు, సోమవారం, క్లాసులో ఉండగా చలి మొదలైంది. చాక్‌పీసు చేతిలో నిలవలేదు. గదికి వచ్చి ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నా మంచం గోడకు తగిలి టకటకమంది. చలి పోయాక వచ్చిన వేడికి కళ్లు తెరవలేకపోయాను. ఆ తర్వాత చెమట, బట్టలన్నీ తడిసిపోయేంత. ఆ చెమటలో ఒక గంట ఎంత తేలికగా ఉంటుందంటే, తగ్గిపోయిందనే అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. ఆ వారం కాలేజీలో సగం మందికి జ్వరాలు. పక్క వీధి ఆర్‌ఎంపీ వైరల్ అని మాత్రలిచ్చాడు. ఫోన్లో నా గొంతు విని అక్క మర్నాడే సెలవు పెట్టి రైల్లో వచ్చేసింది.

గురువారం మళ్లీ అదే చలి. ఈసారి నాకు అర్థమైంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. బయట నాపరాయి పరిచిన వరండాలో, పేరు పిలిచేదాకా అక్క ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. పక్కన వరసగా చీటీలు పట్టుకున్న మనుషులు, ఎవరి మొహంలోనూ తొందర లేదు. రక్తం తీసుకున్నారు. అరగంటలో మలేరియా అన్నారు. అదీ ప్రమాదకరమైన రకమే. మాత్రలు వేసుకున్న ప్రతిసారీ వాంతి అవుతుంటే మంచం ఇచ్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

ఆ ఇంజెక్షన్ పేరు విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మాచిపత్రి చుట్టం మొక్క నుంచి వచ్చిన మందు అదే. ఆ ఆకు నుంచి సీసాలోకి రావడానికి ఎందరో మనుషులు ఏళ్ల తరబడి పనిచేశారు. అది నా నరంలోకి చుక్కచుక్కగా పోతుంటే, నేను చేసిన పని ఎంత చిన్నదో పడుకునే చూశాను.

పక్క మంచం మీద కరణ్‌కోట రాళ్ల గనుల్లో పనిచేసే ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య కన్నడం మాట్లాడేది. నేను నీళ్లు కూడా దింపుకోలేకపోతుంటే తన గంజిలోంచి గ్లాసు నింపి తెచ్చి, "స్వల్ప కుడి అమ్మా", కొంచెం తాగమ్మా అని, చెంచాతో కొంచెం కొంచెం తాగించింది. నర్సు లలితా సిస్టర్ చలి వచ్చిన ప్రతిసారీ నా పాదాలను తన రెండు చేతులతో రుద్దేది. ఆ ఇద్దరినీ నేను మళ్లీ కలవలేదు. కలిసినా ఏం చెప్పగలను?

శనివారం మధ్యాహ్నం అక్క జావ తెచ్చింది. తాగిస్తుంటే తన చెయ్యి నా గడ్డానికి తగిలింది.

"నీ చెయ్యి కాలుతుందక్కా."

"పొయ్యి కాడికెల్లే వస్తున్న గదా."

"గంత దూరం నడిచొచ్చినంక గూడ పొయ్యి వేడి ఉంటదా?"

తను చెయ్యి వెనక్కి తీసుకుంది. "నిన్నటి సంది జర ఒళ్లు వెచ్చగుంది. ఫికర్ చెయ్యకు. నీ రూముల నేలవేము కట్టలున్నయ్ గదా, అండ్లకెల్లి ఇంత తీసి మరగవెట్టిన. పొద్దుగాల ఒక గ్లాసు, పొద్దుమూకి ఒక గ్లాసు తాగుతున్న."

"రక్తం ఇయ్యి అక్కా. ఇక్కడనే ఉన్నవ్, ఇప్పుడే ఇయ్యి."

"ఇస్తే నన్ను గూడ మంచం మీద పండవెడుతరు. నీకు జావ ఎవరు తెస్తరు? నువ్వు లేవంగనే ఇస్త." నా మూతి తుడిచి నవ్వింది. "నీ మందే గదనే తాగుతున్న. పురుగు సచ్చిందని నువ్వే చెప్తివి."

ఒక్క మాట చాలు. అది పనిచెయ్యదు, ఎలుకలన్నీ చచ్చిపోయాయి అని. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. జ్వరంలో ఉన్నాను, తల పనిచేయలేదు అని తర్వాత చాలామందికి చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. అది నిజం కాదు. నా తల ఆ నిమిషంలో బాగానే పనిచేసింది. ఏడాదికి పైగా అందరికీ చెప్పుకున్న మనిషి ముందు, ఆ మాట ఉత్తదైపోయిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఇంకో రోజు ఆగి, నేను లేచి కూర్చున్నాక, నెమ్మదిగా చెప్దామనుకున్నాను.

"రేపన్న ఇయ్యి" అన్నాను.

"ఇస్త తియ్" అంది.

ఆదివారం తను వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. రెండు ఇంజెక్షన్ల మధ్య నేను నిద్రలో ఉన్నాను. ఎప్పుడు వెళ్లిందో తెలియదు. ఆ పూట చాలాసేపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునే ఉందని, మంచినీళ్లు అడిగిందని పక్క మంచం ఆమె తర్వాత చెప్పింది. లలితా సిస్టర్‌తో ఒక మాట అని ఉంటే అక్కడికక్కడే వేలు గుచ్చి చూసేవారు. నేను అడగలేదు.

సోమవారం ఉదయం అక్క జావ గిన్నె తెచ్చింది. గిన్నెలో జావ లేదు, ఉత్త నీళ్లున్నాయి. నన్ను చూసి, "అమ్మా, ప్రమీల బడికి పోయిందా?" అని అడిగింది. ప్రమీల నా పేరు. నేను గట్టిగా సిస్టర్‌ను పిలిచాను. ఆవిడ వచ్చేలోపే అక్క కూర్చున్న చోటే ఒరిగిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంది.

తర్వాత జరిగింది నాకు ముక్కలుగానే తెలుసు. రక్తం చూశారు. నాకు వచ్చిందే, మెదడుకు ఎక్కింది. మొదటి ఇంజెక్షన్ ఇచ్చి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. సామేలు బావ వికారాబాద్‌లో అంబులెన్సు ఎక్కాడు. నా చేతికి సెలైన్ ఉంది. వెంట పోతానని లేస్తే నేల మీద పడ్డాను. స్ట్రెచర్ తలుపు దాటేటప్పుడు అక్క పాదాలు మాత్రం కనిపించాయి. ఒక చెప్పు లేదు.

మంగళవారం మధ్యాహ్నం పోయింది. నాకు బుధవారం చెప్పారు. అప్పటికి నాకు జ్వరం పూర్తిగా దిగింది. నా రక్తంలో క్రిమి కనబడలేదని ఆ పొద్దునే డాక్టరు సంతోషంగా చెప్పి వెళ్లాడు.

నవంబరు

మట్టి చేసేటప్పుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. హైదరాబాదులో డాక్టరు రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడని బావ అందరితో చెప్తున్నాడు. నిందించడానికి కాదు, అర్థం కాక చెప్తున్నాడు. "జొరమొచ్చిందని నాకు ఫోన్ల గూడ చెప్పలే. ఎందుకు చెప్పలేదో" అని, వచ్చిన ప్రతి మనిషినీ అడిగాడు. నా వైపు తిరిగి అడిగినప్పుడు తల దించుకున్నాను. జబ్బుమనిషినని వదిలేశాడు.

నేను వికారాబాద్‌లో అక్క ఇంట్లోనే నెలరోజులు పడుకున్నాను. అక్క కూతురు కృప డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తల్లి పోయిన పిల్ల, నాకు అన్నం పెట్టి, నా తల దువ్వి కాలేజీకి పోయేది. దువ్వెన నిండా నా జుట్టు వచ్చేది. "మల్ల వస్తది చిన్నమ్మా, పరేషాన్ గాకు" అనేది. ఆ పిల్ల పెట్టిన అన్నం సగం కంచంలోనే వదిలేసేదాన్ని. జ్వరం వల్ల నోరు చేదుగా ఉందని చెప్పేదాన్ని.

నలభయ్యో రోజు కోట్‌పల్లి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. బయటికి వచ్చాక ఒక పెద్దమ్మ నా చేతులు పట్టుకుని, "ఇంకొన్ని దినాలైతే నీ మందు తయారైతుండె గదా బిడ్డా. సుగుణ బతుకుతుండె" అంది. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. బావ కూడా తలూపాడు. ఆ తలూపడం చూశాక ఇక నా వల్ల కాలేదు.

ఇంటికి వచ్చి అన్నాలయ్యాక బావనూ కృపనూ కూర్చోమన్నాను. ఎలుకల సంగతి మొదటి నుంచి చెప్పాను. శనివారం మధ్యాహ్నం అక్కతో జరిగిన మాట కూడా చెప్పాను. ఎక్కడా ఆగలేదు, ఏడవలేదు కూడా.

ముందు కృపే అడిగింది.

"అమ్మ గది తాగుతున్నదని నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"గది పని చెయ్యదని గూడ?"

"ఎర్కే."

"మరి ఎందుకు చెప్పలే చిన్నమ్మా?"

"సిగ్గయింది" అన్నాను.

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. నా కంచం తీసుకుని, దానిమీద తన కంచం పెట్టుకుని, బయటికి పోయి తోమడం మొదలుపెట్టింది. చాలాసేపు తోముతూనే ఉంది. బావ గోడవైపు చూస్తూ అన్నాడు, "నిన్ను నా బిడ్డ లెక్కనే సూసిన ప్రమీలా. ఒక్క మాట చెప్తే అయిపోతుండె." తర్వాత, "ఇగ పో. బండికి టైమైతది" అన్నాడు.

సంచి సర్దుకుని స్టేషన్‌కు నడిచాను. తాండూరు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. నా గదిలో కట్టలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. ఒక కట్ట తాడు విప్పి ఉంది, సగం ఖాళీ అయింది. అక్క మళ్లీ ముడి వేయడం కూడా మరిచిపోయినట్టుంది.

ఆ తర్వాత

డిసెంబరు నుంచి మార్చి దాకా నేను ఎట్లా బతికానో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పాఠం చెప్పడం, గదికి రావడం, పడుకోవడం. కొన్ని రోజులు ఆ జ్వరం నన్ను తీసుకుపోకుండా ఎందుకు వదిలిందా అనుకుంటూ పడుకునేదాన్ని. ఒకసారి ఎవరికీ చెప్పకుండా రైలు పట్టాల దాకా నడిచి వెనక్కి వచ్చాను. మర్నాడు గైడు మేడానికి ఫోను చేసి ఆ సంగతి చెప్పాను. ఆవిడ ఓదార్చే మాటలేవీ అనలేదు. నన్ను తన ఇంట్లో రెండు వారాలు ఉంచుకుని, డాక్టరు దగ్గరికి తనే వెంట వచ్చారు. ఇప్పటికీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

జూన్‌లో నా పరిశోధన గ్రంథం ఇచ్చేశాను. ఎలుకల ఫలితానికి ఒక పూర్తి అధ్యాయం రాశాను. ఎంత మోతాదు ఇచ్చాం, ఎందుకు పనిచేయలేదు, ఏది ఎక్కడ విరిగిపోయింది, అంతా రాశాను. ఈ అణువునే కొంచెం మార్చి చూస్తే ఒంట్లో నిలవొచ్చని, ఎవరైనా ఆ పని చేయొచ్చని మేడం అంటున్నారు. కావచ్చు. మొక్కల్లో మందులున్నాయన్న నమ్మకం నాకు పోలేదు. నేను బతికిందే అలాంటి మందుతో. కానీ మొక్కలో ఉన్నదానికీ, మనిషిని బతికించేదానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు, మా అక్కకు తెలియదు. ఆ దూరం గురించి చెప్పాల్సింది నేనే.

కాలేజీలో అటెండర్ ఒకామె మొన్న వానలకు నన్ను అడిగింది. "మేడం, మా ఆయనకు జొరం. మీ దగ్గర నేలవేముంటదట, జరంత ఇస్తరా?" ఆమెను, ఆమె భర్తను నా వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయి, వేలు గుచ్చేదాకా పక్కనే నిలబడ్డాను. ఇది చదివేవారికి కూడా చెప్పగలిగింది అంతే. చలి పెట్టి జ్వరం వస్తే అదే రోజు రక్తం చూపించుకోండి. అడవి వైపు వెళ్లి వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఒకసారి లేదని వచ్చినా జ్వరం పోకపోతే మళ్లీ చూపించుకోండి. కషాయం తాగేవాళ్లు తాగండి, కానీ దాన్ని నమ్మి ఆగకండి. ఇంట్లో జబ్బుమనిషికి సేవ చేస్తున్న మనిషి చెయ్యి ఒకసారి పట్టుకుని చూడండి.

బావ నాతో మాట్లాడడం లేదు. ఈస్టర్‌కు వెళ్తే తలుపు తీశాడు, కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. కృప లోపలి గదిలోంచి రాలేదు. నేను పంపిన మెసేజీలు చూసినట్టు నీలం గుర్తులు పడతాయి, జవాబు రాదు. పుట్టినరోజుకు పంపిన బట్టలు తిరిగి రాలేదు, అందాయో లేదో తెలియదు.

పోయిన వారం ఎవరో తెలిసినవాళ్లు చెప్పారు, వికారాబాద్‌లో కృపకు మూడు రోజులుగా జ్వరమని. బావకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఒకటికి నాలుగుసార్లు చేశాను. కృపకు మెసేజ్ పెట్టాను: "రక్తం చూపించుకో బిడ్డా. ఇవాళే." స్టేషన్‌కు ఆటో ఎక్కాను. ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. కృప ఒక ఫోటో పంపింది. ల్యాబ్ కాగితం. పైన తన పేరు, వయసు. కింద మలేరియా ఎదురుగా నెగెటివ్ అని ఉంది. తేదీ చూశాను. జ్వరం వచ్చిన మొదటి రోజే చేయించుకుంది.

ఫోటో కింద ఒక్క మాట కూడా లేదు. "జ్వరం తగ్గకపోతే మళ్లీ చూపించుకో" అని పెట్టాను. తను ఇంకేమైనా రాస్తుందేమో అని చూశాను. రాయలేదు. వికారాబాద్ బండి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. రమ్మని ఆ పిల్ల అనలేదు.